కనిపెట్టు ప్రార్థనలో మనసు నిలవడం లేదు: ఏమి చేయాలి?

ఉదయకావలి (గుంటూరు)

ప్రభువు నామమున అందరికీ వందనములు. నేను గుంటూరులో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్నాను. మా తాతల కాలం నుంచి మాది లూథరన్ కుటుంబం. ప్రార్థన నాకు కొత్త కాదు. సంఘంలోని రోగుల పేర్లు, పరీక్షలు రాసే పిల్లల పేర్లు, పల్లెల్లో పనిచేసే సువార్తికుల పేర్లు చీటీ మీద రాసుకొని ఒక్కొక్కరి కోసం ప్రార్థించమంటే అలసట లేకుండా చేయగలను. నా కష్టమంతా ఆ చీటీ అయిపోయిన తరువాతే మొదలవుతుంది. అడగవలసినవన్నీ అడిగాక ఆయన సన్నిధిలో కొంతసేపు మాటలు లేకుండా కనిపెట్టుకొని, అంటే ఆయన కోసం ఎదురుచూస్తూ, ఉండాలని మా పెద్దలు నేర్పారు. ఆ కొద్దిసేపట్లోనే మనసు నా చేతిలో ఉండదు.

నిన్నటి సంగతే చెబుతాను. తెల్లవారుజామున ఇంట్లో ఎవరూ లేవకముందు మోకరించాను. మొదట వంటింట్లో కుళాయి సరిగా కట్టలేదేమోనన్న అనుమానం వచ్చింది. ఆ వెనుకనే దిద్దవలసిన తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు గుర్తుకొచ్చాయి. వాటి వెనుక, ఈమధ్య ఒక పెళ్లిలో మా ఆడపడుచు నలుగురిలో నన్ను అన్న మాట వచ్చి కూర్చుంది. ఆ రోజు నోటికి రాని జవాబును మోకాళ్ల మీద ఉండి, వాక్యం వెంట వాక్యంగా, మనసులో తయారు చేసుకుంటున్నానని తెలిసేసరికి పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి గేటు తడుతున్నాడు.

ఆ మౌనంలో మనసును ఖాళీ చేయాలా, లేక ఏదైనా ఒక మాటను పట్టుకొని ఉండాలా? తలంపు వచ్చిన ప్రతిసారీ ప్రార్థన భంగమైనట్టేనా? నాతో పనిచేసేవారు ధ్యాన తరగతులకు రమ్మంటున్నారు. అక్కడికి వెళ్లే ముందు మన విశ్వాసంలో మనకంటే ముందు నడిచినవారు ఈ విషయంలో ఏమి చెప్పారో తెలుసుకోవాలని ఉంది. తెలిసినవారు వివరంగా రాయమని కోరుతున్నాను.

కాకాని_వాసి

వందనములు అమ్మా. మాది బైబిలు మిషను కుటుంబం. ముంగమూరి దేవదాసు అయ్యగారు 1938లో మిషను ప్రారంభించక ముందు మీ లూథరన్ సంఘంలోనే సేవ చేసినవారు కనుక, మీ పెద్దలు నేర్పినదీ మా పెద్దలు నేర్పినదీ బహుశా ఒకే చోటికి చేరతాయి.

మా సన్నిధి కూటాలలో మోకరించిన వెంటనే ఎవరూ కనిపెట్టడం మొదలుపెట్టరు. మనోనిదానము, అంటే మనసును నెమ్మదిపరచుకోవడం, దానికదే ఒక మెట్టు. బజారు నుంచి, పొలం నుంచి, ఆఫీసు నుంచి వచ్చిన మనిషి మనసు ఇంకా అక్కడే తిరుగుతూ ఉంటుంది కాబట్టి, దానికి కుదుటపడే సమయం ఇవ్వకుండా మౌనంగా ఉండమనడం న్యాయం కాదని మా నాన్నగారు చెప్పేవారు. ఆ రోజు చేసిన తప్పులను ఒప్పుకోవడం, స్తుతించడం, తనను తాను ప్రభువుకు అప్పగించుకోవడం అయ్యాక మా ఇంట్లో కనిపెట్టేవాళ్లం.

మీరు రాసినదాన్ని బట్టి నాకు తోచినది ఒకటి చెబుతాను. మీరు చీటీ అంతా ముగించి, అన్ని పేర్లూ అన్ని అవసరాలూ తలలో తిరుగుతుండగా, పిల్లలు లేచే వేళ దగ్గరపడుతుండగా మౌనానికి వస్తున్నారు. కనిపెట్టడాన్ని ముందుకు జరిపి చీటీని తరువాతకు పెట్టి చూడండి. ఆయన సన్నిధిలో కొంతసేపు ఉన్నాక అడిగే విన్నపాలలో కొన్ని మారిపోవడం కూడా మీకే తెలుస్తుంది.

సీయోను_దారి (హైదరాబాద్)

సహోదరి గారూ, మీరు అడిగిన మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పడం అవసరమనుకుంటున్నాను. మనసును ఖాళీ చేయమని బైబిలు ఎక్కడా చెప్పలేదు. "నా ప్రాణము దేవుని నమ్ముకొని మౌనముగా ఉన్నది" అని 62వ కీర్తనలో ఉంది. అక్కడి మౌనానికి ఎదుట ఒకరు ఉన్నారు. ఎవరి ముందూ కాని మౌనం ప్రశాంతతను ఇస్తే ఇవ్వవచ్చు గాని, దానికి ప్రార్థన అని పేరు పెట్టలేము.

ఈ విషయం మాట్లాడేటప్పుడు అందరూ 46వ కీర్తనలోని "ఊరకుండుడి" అనే వచనాన్ని ఎత్తి చూపుతారు. దయచేసి దాని పై వచనాలు కూడా చదవండి. అక్కడ జనములు ఘోషిస్తున్నాయి, రాజ్యములు కదులుతున్నాయి, దేవుడు విల్లు విరిచి, ఈటె నరికి, యుద్ధాలను మాన్పుతున్నాడు. ఆ గలభాకు ఆయన ఇచ్చిన ఆజ్ఞ అది. వ్యక్తిగత ధ్యానానికి దాన్ని వాడుకోకూడదని నేననడం లేదు. నా లోపలి అలజడిని నేనే అణచుకోవాలని కాక, దాన్ని ఆపమని చెప్పే అధికారం గల ప్రభువు ఒకరున్నారని ఆ కీర్తన నాకు చెబుతుంది.

నేను బక్త్ సింగ్ గారు ప్రారంభించిన హెబ్రోను సహవాసంలో పెరిగాను. 2000వ సంవత్సరంలో ప్రభువు నొద్దకు వెళ్లిన బక్త్ సింగ్ గారిని ఎరిగిన మా పెద్దలందరూ ఆయన మోకాళ్ల మీద గడిపిన సమయం గురించే చెప్పేవారు. చిన్న నిర్ణయానికైనా ప్రభువు చిత్తం కోసం కనిపెట్టేవారట. అయితే ఆయన మోకాళ్ల ముందు తెరచిన బైబిలు ఉండేదన్న సంగతి కూడా వారు మరచిపోకుండా చెప్పేవారు.

బ్రిస్టల్ నగరంలో అనాథ గృహాలు నడిపిన జార్జ్ ముల్లర్ గారి సాక్ష్యం మీ ప్రశ్నకు మరీ దగ్గరగా ఉంటుంది. లేవగానే ప్రార్థనకు మోకరించడం ఆయనకు చాలా ఏళ్లుగా ఉన్న అలవాటు. మొదటి పది నిమిషాలు, పావుగంట, ఒక్కోసారి అరగంట కూడా మనసు చెదిరిపోతూనే ఉండేదనీ, ఆ తరువాతే నిజంగా ప్రార్థించడం మొదలయ్యేదనీ ఆయనే రాశారు. 1841లో ఆయన ఆ క్రమాన్ని మార్చారు. ముందు వాక్యం చదివి, ఒక్కొక్క వచనాన్ని నెమరు వేసుకుంటూ, తరచుగా నడుస్తూనే, ఆ వచనం లోపల పుట్టించిన ఒప్పుకోలునో కృతజ్ఞతనో విన్నపాన్నో అప్పటికప్పుడే ప్రార్థనగా మార్చుకునేవారు. ఇక మనసు చెదరడం దాదాపుగా లేకుండా పోయిందని ఆయన సాక్ష్యం. వేల మంది పిల్లలకు రేపటి అన్నం ఎక్కడి నుంచి వస్తుందో తెలియని మనిషి ఆ మాట చెప్పాడంటే నాకు అది ఎంతో విలువైనది.

కార్మెల్_నీడ (విశాఖపట్నం)

యేసు నామమున వందనములు. నేను కథోలికురాలిని. మా సంఘంలో ఈ విషయం మీద పదిహేడు వందల ఏళ్లుగా ఆలోచన సాగుతోంది కనుక కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపికతో చదవండి.

అక్కా, మీ ఆడపడుచు గారి మాట దగ్గర నేను ఆగిపోయాను. నాలుగవ శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ప్రార్థన గురించి 153 చిన్న అధ్యాయాలు రాశాడు. ప్రార్థన సమయంలో నీ జ్ఞాపకశక్తి నీ ముందుకు పాత విషయాలనో, కొత్త చింతలనో, నిన్ను బాధపెట్టినవారి ముఖాన్నో తెచ్చిపెడుతుంది అని ఆయన హెచ్చరిస్తాడు. మీ జవాబు పత్రాలు, కుళాయి, పెళ్లిలో పడిన మాట, మూడూ అందులో ఉన్నాయి. ఇసుక తప్ప మరేమీ లేని చోట, ఫోనూ ఇరుగుపొరుగూ లేని గుడిసెలో కూర్చున్న మనిషికి కూడా ఇదే జరిగింది. కాబట్టి మీ ఇంటి సందడి గాని, మీ ఉద్యోగం గాని దీనికి కారణమని అనుకోకండి.

ఆ మూడూ ఒకే రకానికి చెందినవి కావు. కుళాయి, పత్రాలు వచ్చి పోయే తలంపులు. వాటితో పోరాడితే అవి పెద్దవవుతాయి, పట్టించుకోకుండా వదిలేస్తే వాటంతట అవే జారిపోతాయి. ఆడపడుచు గారి మాట వేరు. అది మళ్లీ మళ్లీ వస్తున్నదంటే అక్కడ గాయం ఉంది. "మీరు నిలువబడి ప్రార్థన చేయునప్పుడెల్లను" ఎవరి మీదనైనా విరోధముంటే క్షమించుడని ప్రభువు మార్కు సువార్త 11వ అధ్యాయంలో చెప్పినప్పుడు, ప్రార్థన మధ్యలోనే ఆ ముఖాలు మనకు గుర్తుకొస్తాయని ఆయనకు తెలుసు. ఆ తలంపును బయటికి నెట్టే ప్రయత్నం మానేసి, ఆమెను పేరుతో సహా ప్రభువు ముందు పెట్టండి. ఆ రోజుకు మీ కనిపెట్టు ప్రార్థన అదే అయితే అలాగే కానివ్వండి.

ఒక మాటను పట్టుకొని ఉండవచ్చా అని కూడా అడిగారు. ఎవాగ్రియస్ శిష్యపరంపరకు చెందిన జాన్ కాసియన్, ఎడారి పెద్దల బోధలను ఐదవ శతాబ్దం మొదట్లో పడమటి దేశాలకు అందించాడు. అందులో అబ్బా ఐజాక్ అనే పెద్ద తన దగ్గరికి వచ్చిన యువ సన్యాసులకు ఒకే ఒక వచనం ఇస్తాడు: "దేవా, నన్ను విడిపించుటకు త్వరగా రమ్ము, యెహోవా, నా సహాయమునకు త్వరగా రమ్ము." ఇది 70వ కీర్తన మొదటి వచనం. మనసు చెదిరినప్పుడు, నిద్ర ముంచుకొచ్చినప్పుడు, కోపం వచ్చినప్పుడు, సంతోషం పొంగినప్పుడు, అన్నింటికీ ఇదే వచనం. తూర్పు సంఘాలవారు ఇదే పద్ధతిలో "ప్రభువైన యేసుక్రీస్తూ, దేవుని కుమారుడా, పాపినైన నన్ను కరుణించుము" అని చెబుతారు. సువార్తల్లోని సుంకరి ప్రార్థన, యెరికో గ్రుడ్డివాని కేక రెండూ అందులో వినిపిస్తాయి.

ఆవిలాపురి తెరేసమ్మ గారి మాట చెప్పకుండా ముగించలేను. ప్రార్థన విషయంలో మా సంఘం ఆమెను ఆచార్యురాలిగా గౌరవిస్తుంది. అటువంటి ఆమె, సుమారు పద్దెనిమిది ఏళ్లపాటు చేతిలో పుస్తకం లేకుండా మౌన ప్రార్థనకు కూర్చునే ధైర్యం తనకు లేకపోయిందని రాసుకున్నారు. అక్కడ ఉండాలన్న కోరిక కంటే ఆ గంట ఎప్పుడు అయిపోతుందా, గడియారం ఎప్పుడు కొడుతుందా అన్న ఆత్రమే తనకు ఎక్కువగా ఉండేదని కూడా ఆమె దాచలేదు. అయినా లేచి వెళ్లిపోకుండా కూర్చున్నారు.

సీయోను_దారి గారి హెచ్చరికలో న్యాయం ఉంది. పదిహేడవ శతాబ్దంలో మోలినోస్ అనే గురువు, ఆత్మ ఏ ప్రయత్నమూ చేయకుండా పూర్తిగా నిష్క్రియంగా ఉండాలని బోధిస్తే 1687లో మా పోపుగారే ఆ బోధను ఖండించారు. 1970లలో అమెరికాలోని స్పెన్సర్ మఠం నుంచి బయలుదేరిన, రోజుకు రెండుసార్లు ఇరవై నిమిషాలు ఒక పవిత్ర పదంతో మౌనంగా కూర్చునే పద్ధతి ఇప్పుడు చాలా దేశాల్లో ఉంది. దాని వల్ల మేలు పొందినవారు నాకు తెలుసు. కానీ ప్రశాంతత అనే అనుభూతినే పరిశుద్ధాత్మ ఓదార్పుగా పొరబడవద్దని 1989లో రోము నుంచి వచ్చిన లేఖ చెప్పిన జాగ్రత్త నాకు సమంజసంగా తోస్తుంది. శరీరం కుదుటపడటం మంచిదే. దేవుడు వచ్చాడనడానికి అదే రుజువు కాదు, అది లేకపోతే ఆయన రాలేదనీ కాదు.

సీయోను_దారి (హైదరాబాద్)

సోదరి గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. ఒక్క విషయంలో నాకు అభ్యంతరం ఉంది. "వ్యర్థమైన మాటలు వచింపవద్దు" అని మత్తయి 6:7లో ప్రభువు చెప్పాడు కదా? ఒకే వచనాన్ని వందలసార్లు చెప్పడం జపం కాక మరేమిటి? మన చుట్టూ ఉన్న సమాజంలో నామజపం ఎలా జరుగుతుందో మనకు తెలుసు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారు రెండింటికీ తేడా లేదనుకుంటే ఎవరు బాధ్యులు?

కార్మెల్_నీడ (విశాఖపట్నం)

మీ ఆందోళన అర్థమైంది అన్నయ్యా. ఆ వచనం చివరిలో ప్రభువు కారణం కూడా చెప్పాడు: విస్తరించి మాటలాడుట వలన తమ మనవి వినబడుతుందని వారు అనుకుంటారు అని. ఎన్నిసార్లు చెబితే అంత ఫలితం అన్న లెక్క ఎక్కడ ఉంటే అక్కడ ఆయన మందలింపు వర్తిస్తుంది. మా జపమాలను కూడా ఆ లెక్కతో తిప్పేవారికి వర్తిస్తుంది. కానీ గెత్సేమనేలో ఆయనే మూడవసారి కూడా ఆ మాటలే చెప్పి ప్రార్థించాడని మత్తయి 26వ అధ్యాయంలో ఉంది. 136వ కీర్తనలో "ఆయన కృప నిరంతరముండును" అన్న మాట 26 వచనాలలోనూ వస్తుంది. అవి వ్యర్థమైన మాటలు కావు. కొత్త విశ్వాసుల సంగతిలో మాత్రం మీతో ఏకీభవిస్తాను. వారికి ముందు కీర్తన మొత్తం నేర్పి, ఆ తరువాతే అందులోని ఒక వచనాన్ని చేతికి ఇవ్వాలి.

ఎడారి_వాన (కువైట్)

అందరికీ వందనములు. మాది తూర్పు గోదావరి. ఇక్కడ ఆసుపత్రిలో నర్సుగా పనిచేస్తున్నాను. నా కష్టం పైన రాసినవాటికంటే వేరుగా ఉంది. పోయిన ఏడాది మా నాన్నగారు చనిపోయినప్పుడు సెలవు దొరకక, సమాధి కార్యక్రమాన్ని ఫోనులో చూడవలసి వచ్చింది. అప్పటి నుంచి మౌనంగా ఉండాలని కళ్లు మూసుకుంటే ఆ ఫోను తెరే కనిపిస్తుంది. ఎవరో పట్టుకున్న ఫోను ఊగుతూ ఉంటుంది, మా అమ్మ ముఖం ఒక పక్కకు పోతుంది, మధ్యలో నెట్‌వర్క్ ఆగిపోతుంది. గుండె దడ మొదలై లేచిపోతాను. పాటలు పాడుతూ, గట్టిగా ప్రార్థిస్తూ ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. మౌనమంటేనే భయం వేస్తోంది. నాలాంటివారు కూడా కనిపెట్టాలా?

విశ్రాంత_కాపరి (రాజమహేంద్రవరం)

అమ్మాయీ, ముందు నీకు జవాబు చెప్పి ఆ తరువాత మిగిలినవారికి రాస్తాను. ఇప్పుడు నువ్వు కళ్లు మూసుకొని మౌనంగా కూర్చోవలసిన అవసరం లేదు. 62వ కీర్తన మౌనంతో మొదలవుతుంది, నిజమే. అదే కీర్తన ఎనిమిదవ వచనంలో "ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి" అని ఉంది. కుమ్మరించవలసినది లోపల నిండుగా ఉన్న మనిషిని మౌనంగా ఉండమంటే అది భారమవుతుంది. నువ్వు కళ్లు తెరిచి, వెలుతురులో, 42వ కీర్తననో 13వ కీర్తననో పైకి చదువు. ఏడుపు వస్తే ఏడువు. బిడ్డ కోసం మొరపెట్టిన హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, స్వరం వినబడలేదు, యాజకుడు ఆమెను మత్తురాలనుకున్నాడు. దేవుడు మాత్రం విన్నాడు. ఉచ్చరింప శక్యము కాని మూలుగులతో ఆత్మ మన పక్షంగా విజ్ఞాపన చేస్తున్నాడని పౌలు రాసినది ఇటువంటి వేళ కోసమే. ఇంకొక మాట కూడా ఉంది. గుండె దడ, అదే దృశ్యం పదే పదే కనిపించడం నెలల తరబడి ఉంటే వైద్యులకు చెప్పాలి. నువ్వు ఆసుపత్రిలోనే పనిచేస్తున్నావు కనుక నీకు తెలియనిది కాదు. అయినా మనవారు దాన్ని విశ్వాసంలో లోపమనుకొని దాచుకుంటారు కాబట్టి చెబుతున్నాను. అది లోపం కాదు.

ఉదయకావలి గారూ, ఇక మీ ప్రశ్న. 62వ కీర్తనను మొదటి నుంచి నెమ్మదిగా చదవండి. మొదటి వచనంలో దావీదు తన ప్రాణం మౌనంగా ఉందంటాడు. మూడవ, నాలుగవ వచనాలకు వచ్చేసరికి ఆ మౌనం ఏమైంది? ఒరిగిపోతున్న గోడను తోసినట్టు తనను తోసేవారు, నోటితో దీవిస్తూ లోపల దూషించేవారు గుర్తుకొచ్చారు. ఎంతకాలం ఇలా చేస్తారని వారితో వాదనకు దిగాడు. ప్రార్థన మధ్యలో తనను బాధపెట్టినవారితో మాట్లాడుతున్నాడు! ఐదవ వచనంలో మళ్లీ తనతో తాను అంటున్నాడు: "నా ప్రాణమా, దేవుని నమ్ముకొని మౌనముగా నుండుము." మొదటిసారి ఉన్నదని చెప్పినదాన్ని రెండవసారి ఉండుమని ఆజ్ఞాపించవలసి వచ్చింది. మీ తెల్లవారుజాము మోకాళ్ల మీద జరిగినదంతా ఈ ఐదు వచనాలలో ఉంది. ఆ వాదనను కీర్తనలో నుంచి ఎవరూ కొట్టివేయలేదు. పరిశుద్ధాత్మ దాన్ని అలాగే ఉంచాడు. అందుకని మనసు చెదిరి తిరిగి రావడాన్ని నేను ప్రార్థనకు అంతరాయంగా లెక్కించను. కనిపెట్టే ప్రార్థనలో ఎక్కువ భాగం ఆ తిరిగి రావడమే. పదిసార్లు పోయి పదిసార్లు తిరిగి వచ్చినవారు ఆ పదిసార్లూ దేవుణ్ణి కోరుకున్నారు.

మీరు లూథరన్ కనుక మరొకటి చెప్పాలి. విట్టెన్‌బర్గ్‌లో లూథరు గారికి క్షవరం చేసే పేతురు అనే మంగలి ప్రార్థన ఎలా చేయాలని అడిగితే, 1535లో ఆయన ఒక చిన్న పుస్తకమే రాసి ఇచ్చారు. అందులో ఆ పేతురు వృత్తినే ఉదాహరణగా తీసుకున్నారు. మంచి మంగలి తన కన్నూ మనసూ కత్తి మీద, వెంట్రుకల మీద ఉంచాలి, కబుర్లలో పడితే ఎదుటివారి ముక్కో గొంతో తెగుతుంది, ప్రార్థనకు కూడా అంత శ్రద్ధ కావాలి అన్నారు. కత్తి పట్టే మనిషికి అది ఎంత సూటిగా తగిలి ఉంటుందో ఊహించండి. మనసు చల్లబడి ప్రార్థన రానప్పుడు తాను కీర్తనల గ్రంథం తీసుకొని గదిలోకి వెళ్లి, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం పిల్లలు చెప్పినట్టు పైకి చెప్పుకుంటానని కూడా రాశారు.

ఆ తరువాత ఆయన చెప్పినదే మీ ప్రశ్నకు అసలు జవాబు. ఇలా చెప్పుకుంటూ ఉండగా మంచి తలంపులు వచ్చి పరిశుద్ధాత్మ లోపల బోధించడం మొదలుపెడితే, మిగిలిన విన్నపాలను పక్కన పెట్టి మౌనంగా వినండి, ఆయన ప్రసంగంలోని ఒక్క మాట మన వేయి ప్రార్థనలకంటే మేలు అంటారు లూథరు. అంటే ఆయన దృష్టిలో మౌనం మనం గడియారం చూసి మొదలుపెట్టేది కాదు. వాక్యంతో మొదలుపెడతాం, ఆయన మాట్లాడుతుంటే ఆగుతాం. మాట్లాడినట్టు ఏమీ తోచకపోతే మళ్లీ తరువాతి వచనానికి వెళతాం. మీ మౌనం కష్టంగా ఉండటానికి కారణం మీ చేతిలో ఏ వచనమూ లేకుండా దానిలోకి వెళ్లడమే కావచ్చు.

కాకాని_వాసి

అయ్యగారూ, వందనములు. లోపల వినిపించినది ప్రభువు మాటా, నా సొంత ఆలోచనా అన్నది ఎలా తెలుస్తుంది? మా దగ్గర కనిపెట్టు కూటాలకు వచ్చే యువకులు ఇదే ఎక్కువగా అడుగుతారు. నేను చెప్పేది ఇంతే: దాన్ని తేదీ వేసి రాసిపెట్టుకోండి, వాక్యానికి విరుద్ధమైతే కొట్టివేయండి, పెళ్లి, ఉద్యోగం, డబ్బు వంటి విషయమైతే పెద్దలకు చూపించకుండా అడుగు వేయకండి.

విశ్రాంత_కాపరి (రాజమహేంద్రవరం)

బాగా చెప్పావు నాయనా. "సమస్తమును పరీక్షించి మేలైనదానిని చేపట్టుడి" అన్న మాటకు అదే ఆచరణ. దీనికి ఒకటి చేరుస్తాను. బాల సమూయేలు దేవుని స్వరాన్ని యాజకుడైన ఏలీ స్వరమనుకొని మూడుసార్లు పరుగెత్తాడు. అతనికి అది ఎవరి స్వరమో తెలిసినది ఒక పెద్దాయన సహాయంతోనే. ఆ ఏలీ కుటుంబమంతా దిగజారిపోయి ఉంది, ఆయన కళ్లు మందగించాయి, అయినా ఆ రాత్రి సమూయేలుకు ఆయన అవసరమయ్యాడు. ఒంటరిగా కనిపెట్టి, ఒంటరిగా విని, ఒంటరిగా ప్రకటించేవారిని చూసి నేను భయపడతాను. వారివల్ల చీలిన కుటుంబాలను నా సేవలో చూశాను.

ఎడారి_వాన (కువైట్)

అయ్యగారూ, మీరు చెప్పినట్టు నిన్న డ్యూటీ నుంచి వచ్చాక దీపం వేసుకొని 42వ కీర్తన పైకి చదివాను. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు?" అన్నచోట చాలాసేపు ఆగిపోయాను. ఆ ప్రశ్నను ఆయన తన ప్రాణాన్నే అడుగుతున్నాడని ఇంతకు ముందు గమనించలేదు. ఏడ్చాను. దడ రాలేదు. ఆసుపత్రిలో మాతో పనిచేసే ఒక డాక్టరమ్మకు కూడా చెబుతాను.

ఉదయకావలి (గుంటూరు)

ఇంత శ్రద్ధగా రాసిన మీ అందరికీ కృతజ్ఞతలు. కాకాని సోదరుడు చెప్పినట్టు చీటీని తరువాతకు మార్చాను. 62వ కీర్తనతో మొదలుపెడుతున్నాను. తలంపులు తగ్గాయని చెప్పలేను. నాలుగవ వచనం దగ్గర మా ఆడపడుచు గుర్తుకొస్తే ఇప్పుడు కంగారుపడటం లేదు, ఆమె పేరు చెప్పి ఐదవ వచనంలోకి వెళుతున్నాను. ఈ ఆదివారం ఆమెకు ఫోను చేశాను. పెళ్లి మాట ఎత్తలేదు, పిల్లల చదువుల గురించి మాట్లాడుకున్నాం. ప్రస్తుతానికి అంతవరకు వచ్చాను.

ఒక చివరి సందేహం ఉంది. శుక్రవారాలు మా స్త్రీల సమాజం ఉపవాస ప్రార్థన జరుగుతుంది. ఇటువంటి కూటాల్లో చాలాచోట్ల "ఇప్పుడు కనిపెట్టుకుందాం" అని చెప్పి, నడిపించేవారు మైకులో మాట్లాడుతూనే ఉంటారు, కీబోర్డు మోగుతూనే ఉంటుంది. నిజంగా పది నిమిషాలు మౌనంగా ఉండేలా ఏర్పాటు చేయాలని నాకు ఉంది. కీబోర్డు ఆపితే జనం ఇబ్బందిపడతారని మా కమిటీలో కొందరి అభిప్రాయం.

సీయోను_దారి (హైదరాబాద్)

కీబోర్డు ఆపండి సహోదరి గారూ. ఏలీయా ఎదుట గాలి, భూకంపము, మెరుపు అన్నీ గడిచిపోయిన తరువాతే "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము" వినబడింది. వాద్యం మన భావాలను కదిలిస్తుంది, ఆ కదలికనే ఆత్మ కార్యమనుకునే ప్రమాదం ఉంది. కార్మెల్_నీడ గారు ప్రశాంతత గురించి చెప్పిన జాగ్రత్త దీనికి కూడా సరిపోతుంది.

విశ్రాంత_కాపరి (రాజమహేంద్రవరం)

నేను కొంచెం మెల్లగా వెళ్లమంటాను. జనం ఇబ్బందిపడేది నిశ్శబ్దానికి కాదు, అది ఎప్పుడు ముగుస్తుందో, తాము ఏమి చేయాలో తెలియకపోవడానికి. కీర్తన కాగితం మీద అచ్చు వేసి అందరికీ ఇవ్వండి. ఒకరు దాన్ని నెమ్మదిగా రెండుసార్లు చదవాలి, మైకు అక్కడితో ఆపేయాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని కుర్చీల్లోనే కూర్చోమని ముందే చెప్పండి, లేకపోతే వారి ధ్యానమంతా మోకాళ్ల మీదే ఉంటుంది. మొదటి శుక్రవారం పది నిమిషాలు వద్దు, మూడు చాలు. ముగింపుగా పరలోక ప్రార్థనను ఎవరు అందుకుంటారో ముందే ప్రకటించండి, అప్పుడు ఎవరూ కళ్లు తెరిచి పక్కవారిని చూడవలసిన పని ఉండదు. చిన్నపిల్లల తల్లులను తలుపు దగ్గర కూర్చోబెట్టండి. పిల్లవాడు ఏడిస్తే బయటికి వెళ్లమని మాత్రం ఎవరినీ అనవద్దు.

ఉదయకావలి (గుంటూరు)

అలాగే చేస్తాం అయ్యగారూ. కాగితాలు మా స్కూలు దగ్గరి జిరాక్సు షాపులో తీయిస్తాను. చదివే పని మా ఆడపడుచుకు అప్పగించాలని ఉంది, ఆమె గొంతు బాగుంటుంది. రేపు అడుగుతాను.